బొమ్మ కదిలితే

బొమ్మల కథను సినిమాగా తీయడం తేలికని చాలామంది అనుకుంటారు. బొమ్మలు ముందే గీసి వున్నాయి, మాటలు రాసి వున్నాయి, యిక కెమేరా తిప్పడమే గదా అని! అంత సులభమే అయితే బెల్జియం దేశపు టిన్‌టిన్ కోసం సినిమావాళ్లు యిన్ని తంటాలు పడేవారు కాదు.

1929లో ఎర్జే మొదలుపెట్టిన ఆ కుర్ర విలేఖరి బొమ్మల్లో నీడలుండవు. ఒకే తీరు గీత, చదును రంగు. 1961లో నిజం మనుషులకు వేషాలు వేసి సినిమా తీశారు. వేషం కుదిరింది గాని, గీత పోయింది. 2011లో స్పీల్‌బర్గ్ నటుల కదలికలను యంత్రాలతో పట్టి, వాటిమీద బొమ్మల వొళ్లు తొడిగాడు. యెంత పనితనమని! ఆ చిత్రం మొదట్లో ఎర్జే పోలికలున్న వీధి చిత్రకారుడొకడు టిన్‌టిన్ బొమ్మ గీసి యిస్తాడు. ఆ కాగితం మీది నాలుగు గీతల మొహమే నాకు తక్కిన సినిమా అంతటికన్నా సజీవంగా తోచింది. మా యింటి పిల్లలు ఒప్పుకోరనుకోండి.

ఆస్టెరిక్స్ సంగతి వేరు. 1967లో వచ్చిన తొలి చిత్రం, కథ రాసిన గొసినీకి గాని, బొమ్మలు గీసిన ఉదెర్జోకు గాని తెలియకుండానే తయారైంది. వారికది నచ్చలేదు. మరుసటేడు క్లియోపాత్రా కథను తామే పూనుకుని తీశారు.

ఇదంతా పరాయి గోల అనుకోకండి. మన కరీంనగర్ పల్లెల్లో పటం కథలు యేనాటినుంచో వున్నాయి. గజం వెడల్పు, పది పన్నెండు గజాల పొడుగు గుడ్డ. దానికి చింతగింజల అంబలీ, సుద్దా పట్టించి, యెర్రటి నేలమీద వరసలు వరసలుగా బొమ్మలు. గీసేవారు చేర్యాల నకాషీలు, చెప్పేవారు వేరు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం, గౌడులకు గౌడజెట్టివారు. పటం విప్పుతూ, కర్రతో చూపుతూ పాడతారు. యే బొమ్మ ముందు యెంతసేపు నిలవాలో కథకుడి యిష్టం. యముడి పాశం పడిన చోట ముసలమ్మలు కొంగుతో కళ్లొత్తుకుంటూ వుంటే అతడు ముందుకు కదలడు. సినిమాకు ఆ ఆగడం చేతకాదు. (ఆదిలాబాద్ గోండులకు కథలు చెప్పే పర్ధానులకైతే బొమ్మ కూడా అక్కరలేదు, కిక్రీ వాయిద్యం చాలు.)

ఆ ఆగడం తెలిసిన దర్శకుడు మనకొకరుండేవారు. పత్రికల్లో బొమ్మలు వేసిన చేత్తోనే బాపుగారు 1967లో ‘సాక్షి’ తీశారు. షూటింగుకు ముందే షాట్లను బొమ్మలుగా గీసుకునేవారు. 2014లో ఆయన వెళ్లిపోయారు.

రేపెవరైనా మార్కండేయ పటాన్ని తెరకెక్కించదలిస్తే అడగవలసింది యెవరిని? యే వూళ్లో యే కుటుంబం కథ చెప్పాలో మిరాశీ కట్టుబాటున్నది. తండ్రి తర్వాత కొడుకులు పంచుకుంటారు. కాగితం మీద లేకపోయినా హక్కు హక్కే. టిన్‌టిన్ హక్కులు కొన్న తర్వాతే గదా స్పీల్‌బర్గ్ పని మొదలుపెట్టింది! మనవాళ్లు పటాన్ని ఫొటోలు తీసుకుని, స్టూడియోలో మరొకరి చేత పుస్తకాల భాషలో చదివిస్తే, బొమ్మలు దక్కుతాయి, చెప్పేవాడి నోటి దగ్గరి కూడు పోతుంది. వంశమూ, గోత్రమూ చెప్పి యింటివారిని పొగిడే ఆ గొంతు లేకుండా ఆ కథ పద్మశాలీల కథ యెలా అవుతుంది?

పాతబడి చిరిగిన పటాన్ని కథకులు మూల పారెయ్యరు. పూజచేసి నదిలో కలిపి, కొత్తది రాయించుకుంటారు. సినిమా తీసేవారు ఆ కొత్త పటం ఖర్చు తమ పద్దులో వేసుకుని, పాటకు కూనపులివారినే పిలిస్తే, మొదటి టిక్కెట్టు నేనే కొంటాను. మొదటి ఆట సిరిసిల్లలో పెడితే మరీ మంచిది.