చాయ్ హోటల్ బెంచీ ఎటు పోయింది?

మొన్న ఈద్‌కి జనగామ పోయిన. ఈద్గాలో నమాజ్ అయింది, గలే మిలుడు అయింది. చిన్నప్పటి దోస్తు ఒకడు పదేండ్ల తర్వాత కలిసిండు. "చల్ యార్, చాయ్ తాగుదాం" అన్నడు. స్టేషన్ దిక్కు నడిచినం. మేం రోజూ కూర్చునే హోటల్ జాగాలో ఇప్పుడు మొబైల్ షాపు ఉంది. ఇంకొంచెం ముందుకు పోతే చాయ్ దొరికింది. కాగితం కప్పు, నిలబడి తాగుడు, ఫోన్‌తో స్కాన్ కొట్టుడు. రెండు నిమిషాల్లో ఖతం. పదేండ్ల బాతాఖానీ రెండు నిమిషాల్లో ఎట్ల అయితది? "సరే, ఖుదా హాఫిజ్" అనుకొని ఎవరి బండి వాళ్లు ఎక్కినం.

ఇంటికొచ్చినంక దిల్‌లో అదే మెదులుతుండె. పోయింది చాయ్ కాదు. చాయ్ ఇప్పుడు గల్లీకి నాలుగు చోట్ల దొరుకుతది. పోయింది బెంచీ.

ఆ హోటల్లో పొద్దున ఫజర్ నమాజ్ అయినంక ఒక చిచా సియాసత్ పేపర్ తెరిచి గట్టిగా చదివేటోడు. ఉర్దూ రానోళ్లకు అక్కడికక్కడే తెలుగులో చెప్పేటోడు. ఎదురు బెంచీ మీద పద్మశాలి కాక తెలుగు పేపర్ పట్టుకొని, "మా దాంట్ల అట్ల రాయలే" అని బహస్‌కు దిగేటోడు. ఒక చాయ్ వన్ బై టూ చేసుకొని గంటసేపు కొట్లాడుకునేటోళ్లు. సాసర్‌లో పోసుకొని తాగేటోళ్లు. ఊర్లల్ల రెండు గ్లాసుల పద్ధతి నడిచిన జమానాలో, మా హోటల్లో అందరికీ అవే కప్పులు, అవే సాసర్లు. అది ఎంత పెద్ద బాతో అప్పుడు మాకు సమజ్ కాలేదు.

బందగీ కథ నేను స్కూల్ కితాబ్‌లో చదువుకోలేదు, ఆ బెంచీ మీదనే విన్న. కామారెడ్డిగూడెం షేక్ బందగీ తన జమీన్ కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద అదాలత్‌కు పోయిండు, ఏండ్ల తరబడి కొట్లాడి కేసు గెలిచిండు. ఆ గెలుపు ఓర్వలేక 1941లో ఆయనను చంపించిండ్రు. తర్వాత వచ్చిన సాయుధ పోరాటానికి ముందు పడ్డ నెత్తురు అది. ఆ కథ చెప్పేటప్పుడు చిచా గొంతు, కాక గొంతు ఒక్క తీరుగనే వణికేవి. బందగీ మా బందగీ అని చిచా అనలేదు. మనోడు అన్నడు. కాక కూడా మనోడు అనే అన్నడు.

2016లో మా జనగామ జిల్లా కోసం లేచింది. సర్కార్ మొదటి ముసాయిదా జాబితాలో మా ఊరి పేరు లేదు. దీక్షలు, బంద్‌లు, రాస్తారోకోలు నడిచినయ్. ఆ ఉద్యమం మాటలన్నీ ఎక్కడ నడిచినయ్? ఇట్లాంటి చాయ్ హోటళ్లలోనే. అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి మూడూ ఒక్కరోజే జిల్లాలైనయ్. మేం పటాకులు కాల్చినం. జిల్లా రాంగనే రోడ్డు మీది జాగా ధర పెరిగింది, కిరాయి పెరిగింది. రోజంతా ఒక్క చాయ్ మీద కూర్చునే గిరాకీతోని ఆ కిరాయి ఎట్ల కడతరు? ఏ బెంచీల మీద కూర్చొని జిల్లా కావాలన్నమో, ఆ బెంచీలనే జిల్లా లేపేసింది.

ఆ ఒక్క ఏడాదిని యాద్ చేసుకోండి. ఆగస్టులో గజ్వేల్ దగ్గర మిషన్ భగీరథ మొదలైంది. సెప్టెంబర్‌లో జియో వచ్చింది. అక్టోబర్‌లో జిల్లాలు వచ్చినయ్. నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయినయ్. నల్లా ఇంట్లకు వచ్చింది, ప్రపంచం జేబుల కొచ్చింది, కచేరీ ఊర్లకు వచ్చింది, పైసలు ఫోన్లకు ఎక్కినయ్. నాలుగింట్ల మూడిటికి నేను షుక్రియా చెప్త. కానీ మనిషి గడప దాటి బయటికి రావాల్సిన బహానాలు ఒక్కొక్కటే తగ్గిపోయినయ్.

మా నానిహాల్ మానుకోట. చిన్నప్పుడు సెలవులిస్తే గోల్కొండ ఎక్కి పోయేటోళ్లం. నానీ గల్లీల వీధి నల్లా ఉండె. నల్లా వచ్చే టైమ్‌కు బిందెల వరుస, దాని ఎంబడే ఖాలాలు, పక్కింటి అక్కలు, వదినెలు. జగడాలు అక్కడనే, సులహ్‌లు అక్కడనే, రిష్తాలు కుదిరేది కూడా అక్కడనే. ఎవరి బహూకు ఎన్నో నెలో, ఎవరింట్ల పొయ్యి వెలగలేదో నల్లాకు తెలిసేది. మేం మొగోళ్లం చాయ్ హోటల్ పోయిందని తెగ ఏడుస్తం. మా అమ్మీ ఆ హోటల్ మెట్టు ఒక్కనాడు ఎక్కలేదు, ఎక్కనిచ్చేటోళ్లం కూడా కాదు. ఆమె హోటల్ ఆ నల్లా. అది పోయిందని ఎవరూ ఏడ్వలేదు.

నేను నాషుక్రీ చేస్తలేను. నానీ బిందెలు మోసి మోసి నడుం పోగొట్టుకుంది. నల్లా ఇంట్లకు రావుడు నేమత్. కానీ ఆ నేమత్‌తోపాటు ఖాలాలు కలుసుకునే జాగా పోయింది. దానికి బదులు మనం వాళ్లకేమిచ్చినం? ఒక సీరియల్, ఒక ఫోన్.

ఆపా వాళ్లు భూపాలపల్లిల ఉంటరు. దుల్హే భాయ్ సింగరేణి బాయిల పని చేస్తడు. షిఫ్ట్ దిగినోళ్లు, షిఫ్ట్ ఎక్కేటోళ్లు గేటు బయట చాయ్ బండి కాడ కలిసేటోళ్లు. మొఖాల మీద బొగ్గు ఉంటే ఎవరు సాయిబో, ఎవరు యాదవో, ఎవరు మాదిగో గుర్తుపట్టరాదు అని నవ్వుతడు. 1990ల మొదట్ల సింగరేణి మొత్తంల లక్షకు పైగా కార్మికులు ఉండె. ఇప్పుడు దగ్గరదగ్గర 40 వేలు. ఓపెన్‌కాస్ట్‌లు, మిషన్లు వచ్చినంక మనుషులు తక్కువైండ్రు. ఉన్నోళ్లు కూడా షిఫ్ట్ దిగంగనే బండెక్కి క్వార్టర్‌కు పోతరు. "బాయి లోపల ఇంకా ఒక్కటే, బయటికొస్తే ఎవరి ఫోన్ వాళ్లది" అంటడు దుల్హే భాయ్.

దీనికింత రాసుడు ఎందుకంటరా? 1992 డిసెంబర్ నాకు యాదుంది. మా హోటల్ రెండు రోజులు బంద్ పెట్టిండ్రు. మూడోనాడు తెరిస్తే అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది పద్మశాలి కాక. ఏం మాట్లాడలే. చాయ్ తాగిండు, పేపర్ మడత పెట్టిండు, పోయిండు. మా అబ్బా ఆరోజు రాత్రి కడుపునిండ తిన్నడు.

ఇక 2020 లాక్‌డౌన్. ముసల్మాన్లు బీమారీ వ్యాపింపజేస్తుండ్రని ఫోన్లల్ల పుకార్లు తిరిగినయ్. మా మొహల్లా తోపుడు బండి దగ్గర ఏండ్ల నుంచి కూరగాయలు కొనేటోళ్లు మొఖం తిప్పుకొని పోయిండ్రు. వాళ్లు బురే లోగ్ కాదు. ఆ మెసేజ్ చదివినంక, "గిది నిజమేనా?" అని అడుగుదామంటే ఎదురు బెంచీ మీద చిచా లేడు, అంతే. అఫ్వా చాయ్ హోటల్లో కూడా పుట్టేది. కానీ అక్కడ సవాల్ చేసే మనిషి ఎదురుగ ఉండెటోడు. వాట్సాప్‌ల మనం మనోళ్లతోనే ఉంటం. వాళ్ల గ్రూప్ వాళ్లది, మన గ్రూప్ మనది. మన గ్రూపుల్ల తిరిగే అబద్ధాలు మాత్రం తక్కువనా? ఈమాన్‌తో చెప్పండి.

జమానా బదల్ గయా అని నిట్టూర్చుడు ఆసాన్. నా ఖుసూర్ కూడా చెప్పాలె. మా ఇంటి ముందర వేపచెట్టు కింద చబూత్రా ఉండె. అసర్ నమాజ్ అయినంక అబ్బా అక్కడ కూర్చునేటోడు, దారిన పోయేటోళ్లు సలాం కొట్టో నమస్తే పెట్టో కూసునేటోళ్లు. జిల్లా వచ్చినంక ఆ చబూత్రా పగలగొట్టి రెండు మడిగెలు వేసింది ఎవరో బిల్డర్ కాదు, నేను, నా భాయి. వేపచెట్టు కొట్టించింది కూడా మేమే. నెలనెలా కిరాయి వస్తుంది, అల్‌హమ్దులిల్లా. అబ్బా లోపలి కమ్రాలో టీవీ ముందు కూర్చుంటడు. అసర్ టైమ్‌కు మాత్రం రోజూ అడుగుతడు: "బయట ఎవరన్నా వచ్చిండ్రా?"

మసీదుల మడిగెలు రోడ్ల మీద ఎన్ని లేవు? అన్నీ కిరాయికే ఎందుకు? ఒక్కదాంట్ల పేపర్లు, కితాబులు, ఒక బెంచీ పెడితే ఏం పోతది? ఎవరైనా రావచ్చని తెలుగులో బోర్డు రాయండి. వారంల ఒకట్రెండు పూటలు ఔరతోళ్లకే ఇవ్వండి. కమిటీ పెద్దలారా, నష్టం లెక్కేసేటప్పుడు ఈ లెక్క కూడా చూడండి.

నేనైతే పోయిన వారం రెండు మడిగెల నడుమ సందుల ఒక చెక్క బెంచీ వేయించిన. కిరాయిదారు గులిగిండు. మొదటిరోజు అబ్బా ఒక్కడే కూర్చున్నడు. రెండోరోజు కూడా ఒక్కడే. మూడోరోజు ఒక కూరగాయల బండాయన నీడకని ఆగి, అడగకుండనే పక్కన కూర్చున్నడట. ఏ ఊరని అబ్బా అడిగిండట.