టవర్ ఫోటో కాదు, పని ఫోటో పంపండి

అన్నలూ తమ్ముళ్లూ, సెలవు రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొని టవర్ ముందు దిగిన ఫోటోనే మనం ఇంటికి పంపుతం. ఆ టవర్‌కు మనం ఏం చేసినమో పిల్లలకు తెల్వదు. నాకది నచ్చదు.

1930లో న్యూయార్క్‌ల ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ లేస్తుంటే లూయిస్ హైన్ అనే ఫోటోగ్రాఫర్ పనోళ్లనే తీసిండు. యాభై దాటిన వయసుల, బుట్టలో గాలిలో వేలాడుకుంట! ఒకరు బోల్టు బిగిస్తున్నరు, ఇంకొకరు ఇనుప తాడు పట్టుకొని వేలాడుతున్నరు. సేఫ్టీ బెల్టు లేదు, సూపర్‌వైజర్‌ను కదా, చూస్తేనే గుండె ఝల్లుమంది.

అంతకుముందు మిల్లుల్లో పనిచేసే పిల్లల ఫోటోలు తీసి, పేరు, వయసు రాసుకున్నడు. బాలకార్మిక చట్టాల కోసం కొట్లాడినోళ్లకు అవే సాక్ష్యమైనయి. ఎంపైర్ స్టేట్ పనోళ్లలో మాత్రం చాలామంది పేర్లు ఇప్పటికీ తెల్వవు.

అందుకే బ్రేక్‌ల, పర్మిషన్ ఉన్నకాడ, హెల్మెట్‌తోనే ఒక ఫోటో దిగండి. కింద పేరు, ఊరు, తేదీ, చేసే పని రాసి పంపండి.