జిహ్వకో రుచి, రేవుకో చరిత్ర

“పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి” అన్నారు మన పెద్దలు. ఇతరుల తిండిని చూచి నవ్వుకొనే సందర్భంలో మనం ఈ సామెతను తరచుగా వాడుతూ ఉంటాము. కాని ఇందులో పరిహాసం కంటె సహనమే ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం. ఉత్తర ఐరోపా రేవు పట్టణాలలో ఓడ ఆగే కొద్ది గంటలలో ఏమి తినాలి, అసలు ఎందుకు తినాలి అన్న ప్రశ్న ఈ సామెతకు మంచి పరీక్ష.

బాల్టిక్ సముద్రంలోను, నార్వే తీరం వెంటను తిరిగే విహారనౌకలు చాలా రేవులలో ఒక్క పగటిపూట మాత్రమే ఆగుతాయి. ప్రయాణికులలో పలువురు దిగి, ఒక చర్చి గోపురాన్నో రాజభవనాన్నో ఛాయాచిత్రం తీసుకొని, భోజనవేళకు తిరిగి ఓడకే చేరుకొంటారు. ఊరు మారుతుంది గాని పళ్ళెం మారదు. “ఇంత స్వల్పకాలంలో ఒక దేశాన్ని గురించి ఏమి తెలుస్తుంది?” అని వారు ప్రశ్నించవచ్చును. ప్రశ్న సమంజసమే. ఒక పూటలో ఏ దేశమూ పూర్తిగా తెలియదు. అయితే అక్కడి తిండి ఒక ముద్ద నోట పెట్టుకొని, “ఇది ఇక్కడికి ఎట్లా వచ్చినది?” అని అడిగినవానికి, ఛాయాచిత్రంతో తృప్తిపడినవానికి తెలిసినదాని కంటె ఎక్కువే తెలుస్తుందని నా వాదం.

నార్వేలోని బెర్గెన్ రేవును తీసుకొందాము. అక్కడి బ్రిగ్గెన్ అనే పాత రేవువీధిలో వరుసగా నిలిచిన కొయ్య ఇళ్ళను యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. వచ్చిన వారందరూ ఆ ఇళ్ళను చూస్తారు. ఆ వీధి వైభవానికి మూలం ఎండుచేప అన్న సంగతి కొందరికే తెలుసు. ఉత్తరాన లోఫోటెన్ దీవులలో చలికాలంలో పట్టిన కాడ్ చేపలను ఉప్పు వేయకుండానే కర్రల పందిళ్ళపై వేలాడదీసి, చలిగాలికి ఎండబెడతారు. కట్టెవలె బిగుసుకుపోయిన ఆ చేప ఏళ్ళ తరబడి చెడదు. మధ్యయుగంలో హాన్సా అనే జర్మను వర్తక కూటమివారు బెర్గెన్‌లో స్థిరపడి, ఈ చేపను కొని, పంట చాలని ఆ దేశానికి ధాన్యం అందించినారు. ఇళ్ళను మాత్రమే చూచినవాడు కొయ్యను చూచినాడు. ఆ ఎండుచేప ముక్కను నమిలినవాడు పునాదిని చూచినాడు.

హెరింగ్ అనే చిన్న చేప కథ ఇంతకంటె విశాలమైనది. హాంబర్గ్‌లో దానిని ఉల్లిపాయతో కలిపి రొట్టె నడుమ పెట్టి ఇస్తారు. కోపెన్‌హాగెన్‌లో పులుపునీటిలో ఊరబెట్టి, రై ధాన్యపు నల్లరొట్టెపై పరుస్తారు. స్టాక్‌హోమ్‌లో పిండిలో పొర్లించి వెన్నలో వేయిస్తారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోనైతే వండకుండానే, ఉప్పులో కొద్దిగా మగ్గనిచ్చి ఉల్లిముక్కలతో ఆరగిస్తారు. హెల్సింకి రేవులో 1743 నుండి ఏటేటా జరుగుతూ వస్తున్న హెరింగ్ సంతకు నేటికీ దీవుల జాలరులు పడవలలో ఊరచేపను తెచ్చి అమ్ముతారు. శతాబ్దాల పాటు ఇది పేదవాని ఆహారం. దీర్ఘమైన శీతకాలంలో ప్రాణం నిలుపుకొనడానికి ఉప్పు, పొగ, పులుపు వారికి సాధనాలైనవి. మన ఇండ్లలో వేసవిలో ఊరగాయ పెట్టుకొనడానికి, మన తీరగ్రామాలలో చేపలు ఎండబెట్టుకొనడానికి కారణమైన ముందుచూపే అక్కడా పనిచేసినది. ఆ వాసనకు ముక్కు మూసుకొనేవాడు తన ఇంటి జాడీని మరచినాడన్న మాట! అట్టి చేప కూడ మానవుని అత్యాశకు బలి కాబోయినది. మితిమీరిన వేట వల్ల ఉత్తర సముద్రంలో నిల్వలు అడుగంటి, 1977లో హెరింగ్ వేటనే నిలిపివేయవలసి వచ్చినది. కొన్నేళ్ళకు గాని మరల అనుమతి లభించలేదు. చౌక తిండి ఎల్లకాలం చౌకగా ఉంటుందన్న హామీ ఏదీ లేదు.

“ఇది మా తిండి, అది పరాయి తిండి” అని గిరిగీసి కూర్చున్నవారికి కూడ రేవులే జవాబు చెబుతాయి. ఫిన్లాండులో ‘కోర్వపూస్తి’ అనే చుట్టరొట్టె ఉన్నది. ఆ పేరుకు చెవిమీద దెబ్బ అని అర్థం. దానిని కొరికితే మన పాయసపు పరిమళం వస్తుంది. పిండిలో ఏలకులు ఉంటాయి. పడమటి కనుమల అడవులలో పుట్టిన ఆ ఏలకి, ఒక్క మొక్కయినా మొలవని మంచుదేశంలో ఇంటింటి రుచి అయినది. రోటర్‌డామ్‌లో కూరతో అమ్మే రొట్టె పేరు ‘రోటీ’యే. 1873 నుండి ఉత్తర భారతదేశపు కూలీలను ఒప్పందాలపై సురినామ్‌కు ఓడలలో తరలించినారు. 1975లో ఆ దేశం స్వతంత్రమైన కాలంలో వారి సంతతివారు వేలాదిగా హాలండు చేరినారు. వారి వెంట రొట్టె కూడ వచ్చి ఆ ఊరిదైపోయినది.

మతనియమమో శాకాహార నియమమో కలవారి గతి ఏమని కొందరు అడుగుతారు. ఆ ప్రాంతాలలో పందిమాంసం వాడకం ఎక్కువే. కనుక సంకోచించక అడిగి తెలుసుకొనవలె. చేప, నల్లరొట్టె, పాలపదార్థాలు, అడవిపండ్లు – వీటిలో ఎవరి నియమానికి తగినది వారికి దొరుకుతుంది. నియమాన్ని విడువమని నేను అనడం లేదు. నియమం మన పళ్ళేనికి వర్తిస్తుంది, ఎదుటివాని పళ్ళేనికి కాదు అని మాత్రమే నా మనవి.

ఇంకొక మాట. ఓడ దిగగానే కనిపించే అంగళ్ళు తరచుగా యాత్రికుని సంచి కోసం వెలసినవి. నాలుగడుగులు లోపలికి నడిచి, ఊరివారు కొనే చోట కొనడం మేలు. రీగా నగరంలో జర్మను జెప్పెలిన్ వాయునౌకల కొట్టాల భాగాలతో నిర్మించి, 1930లో ప్రారంభించిన పెద్ద బజారు ఉన్నది. యుద్ధానికి పనికివచ్చిన ఇనుము నేడు రొట్టెకు, పొగచేపకు నీడనిస్తున్నది. ఇంతకంటె మంచి పాఠం ఏ ప్రదర్శనశాలలో దొరుకుతుంది?

విద్యార్థి మిత్రులారా! మనలో ఎందరు ఆ రేవులకు పోగలరో చెప్పలేము. కాని ఆ రేవులు చెప్పే పాఠం నేర్వడానికి ఓడ ఎక్కనక్కరలేదు. వసతిగృహంలో పక్కవాడు డబ్బా మూత తీసినప్పుడు ముఖం చిట్లించక, “ఇది మీ ఇంట ఎట్లా చేస్తారు?” అని అడిగితే చాలును. రుచి నచ్చకపోవచ్చును, అది నాలుక స్వేచ్ఛ. తిన్నవానిని తక్కువగా చూచే స్వేచ్ఛ మాత్రం ఎవరికీ లేదు.