సర్వీసు పుస్తకం లేని చాకిరీ

"ఒక్క చేతి మీద ఉన్న బండి. పరాయివాడు ముట్టుకోలేదు. యాభై దాటిందని చెప్తే ఎవరూ నమ్మరు. ఒంటిమీద చిన్న గీత కూడా లేదు."

ఈ మాటలు అన్నది పెళ్ళిళ్ళ బ్రోకరు కాదు. శంకర్‌పల్లి దగ్గర ఒక ఫాంహౌస్‌లో అమ్మకానికి పెట్టిన రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో గురించి దాని యజమాని మా తమ్ముడితో అన్నాడు. 1972 నాటి కారది. మావాడికి పాత కార్లంటే పిచ్చి. కొనే తాహతు లేకపోయినా చూడ్డానికి డబ్బులక్కర్లేదు కదా అని బయల్దేరి, తోడుగా నన్నూ లాక్కుపోయాడు. చేవెళ్ళ దారిలో మర్రిచెట్ల కిందనుంచి వెళ్ళి శంకర్‌పల్లి వైపు తిరిగాం. ఒక పక్క తోటల్లో ఆడవాళ్ళు పూలు కోస్తున్నారు, ఇంకో పక్క ఎత్తయిన ప్రహరీలు. 1996లో వచ్చిన 111 జీవో అక్కడ కట్టడాల మీద ఆంక్షలు పెట్టినా ఆ ప్రహరీలు ఎలా లేచాయన్నది వేరే వ్యాసం.

కార్ల పిచ్చివాళ్ళు కారుని ఇంగ్లీషులో 'షీ' అంటారు, అంటే 'ఆమె'. మన తెలుగుకి ఆ శ్రమ కూడా అక్కర్లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం పాఠం చెప్పినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివి మహత్తులు. ఆమె వచ్చింది, కారు వచ్చింది: క్రియ ఒకటే. వాళ్ళు కారుని ఆడదాని స్థాయికి ఎత్తారు, మన వ్యాకరణం ఆడదాన్ని కారు సరసన కూచోబెట్టింది.

కారుని ఆడదానితో పోల్చడం పాత సంగతే, ఇందులో కొత్తేముంది అంటారు మీరు. నా గొడవ ఆ పోలిక గురించి కాదు. ఆ పోలికని వాళ్ళు చివరిదాకా పాటిస్తే మనకి లాభమే. ఎందుకంటే పాతబడేకొద్దీ ఆ కారు విలువ పెరుగుతోంది. దాని మీద పడిన ప్రతి గంట పనికీ, ప్రతి రూపాయికీ కాగితం ఉంది. నా గొడవ ఆ కాగితం గురించి.

బండి అందంగా ఉంది. లేదంటే అబద్ధమవుతుంది. వాల్‌నట్ చెక్క మీద నీడలు, తోలు సీట్ల వాసన, తలుపు వేస్తే చప్పుడు కూడా మర్యాదగానే ఉంది. మా తమ్ముడు నోరు తెరిచి నిలబడిపోయాడు. యజమాని మాత్రం కారు కన్నా ముందు ఒక లావుపాటి ఫైలు తెరిచాడు. ఏ సంవత్సరం ఏ మెకానిక్ ఏ భాగం విప్పాడు, బ్రేకుల్లో పోసే ప్రత్యేకమైన ద్రవం ఎప్పుడు మార్చారు, రబ్బరు గొట్టాలు ఎక్కణ్ణించి తెప్పించారు, అన్నీ బిల్లులతో సహా ఉన్నాయి. "ఈ ఫైలు లేకపోతే ఈ బండికి సగం ధర రాదు మేడమ్," అన్నాడు. నిజమే చెప్పాడు. పాత కారు కొనేవాడు ముందు అడిగేది సర్వీసు చరిత్రే.

"ఒక్క చెయ్యి అంటే మీరే కొన్నారా?" అని అడిగాను.

"నాన్నగారు కొన్నారు. తర్వాత నాకొచ్చింది. కుటుంబం దాటలేదు."

తండ్రి నుంచి కొడుక్కి వస్తే చేతులు మారినట్టు కాదన్నమాట. అక్కచెల్లెళ్ళు లేరా అంటే ఇద్దరున్నారన్నాడు. "వాళ్ళకెందుకండీ కారు?" అని నవ్వాడు కూడా.

షెడ్డు మూల ఒకామె బకెట్టూ పాతగుడ్డా పట్టుకుని నిలబడి ఉంది. పేరు రాయను. "దీన్ని ఎవరు తుడుస్తరక్కా?" అని అడిగాను. "నేనే తుడుస్తమ్మా. పొద్దుగాల ఒకపారి, పొద్దుగూకినంక ఒకపారి. నీళ్ళు ఎక్కువ కొట్టొద్దంటరు, తడిగుడ్డతోని తుడిచి మల్ల పొడిగుడ్డ పెట్టాలె. ఎలుకలు రాకుంట చూడాలె. తొమ్మిదేండ్లాయె." తొమ్మిదేళ్ళ పాటు రోజుకి రెండుసార్లు. ఒంటిమీద గీత లేకపోవడానికి కారణం ఆ చేతులు. ఫైలంతా తిరగేశాను, ఆ చేతుల ప్రస్తావన ఎక్కడా లేదు.

ఇంకో సంగతి యజమాని భార్య చెప్పింది, టీ గ్లాసులు తీసుకుంటూ, ఆయన వినకుండా. ఆయన ఉద్యోగం మీద పదకొండేళ్ళు విదేశాల్లో ఉన్నారట. ఆ పదకొండేళ్ళూ ప్రతి ఆదివారం ఈవిడే వచ్చి కూచుని ఇంజను స్టార్ట్ చేసి పావుగంట నడవనిచ్చేదట. లేకపోతే బ్యాటరీ పోతుంది, లోపల రబ్బరు ఎండిపోతుంది. "నేను లేనన్నాళ్ళూ బండి కదల్లేదు" అని ఆయన మాతో రెండుసార్లు గొప్పగా అన్నారు, తక్కువ తిరిగిన బండి అని అర్థం వచ్చేలా. "కదల్లేదు నిజమే, చచ్చిపోలేదు కూడా కదా," అంది ఆవిడ నాతో. దాదాపు ఆరొందల ఆదివారాలు. బిల్లు లేదు కాబట్టి చరిత్రలో లేవు.

ఆ కారు ముక్కు మీద ఒక ఆడబొమ్మ ఉంది. రెక్కల్లా ఎగిరే బట్టతో ముందుకి వంగిన ఆ బొమ్మని ఎక్స్‌టసీ దేవత అంటారు. దాని వెనక ఒక ఉద్యోగిని ఉందని ఆ బొమ్మని చూసి మురిసేవాళ్ళలో ఎందరికి తెలుసు? ఆమె పేరు ఎలినార్ థార్న్‌టన్. ఇంగ్లండులో 'ది కార్ ఇలస్ట్రేటెడ్' అనే పత్రిక నడిపిన జాన్ మాంటెగ్యూ అనే ప్రభువు దగ్గర కార్యదర్శి. ఆయనకి పెళ్ళయింది. వాళ్ళిద్దరి సంబంధం ఏళ్ళ తరబడి గుట్టుగా సాగింది. పుట్టిన కూతుర్ని ఆమె పెంపకానికి ఇచ్చెయ్యాల్సి వచ్చింది. శిల్పి చార్లెస్ సైక్స్ ముందు మాంటెగ్యూ సొంత కారు కోసం ఒక బొమ్మ చేశాడు, పెదవుల మీద వేలు పెట్టుకున్న స్త్రీ. దాని పేరు 'గుసగుస'. నోరు మూసుకోవాల్సింది ఎవరో వేరే చెప్పాలా? 1911లో రోల్స్ రాయిస్ కంపెనీకి చేసిన బొమ్మకీ మూలం ఎలినారే అని చాలామంది ఒప్పుకునే మాట. 1915 డిసెంబరులో మాంటెగ్యూ ఇండియాకి బయల్దేరితే ఆమె కూడా 'పర్షియా' ఓడ ఎక్కింది. డిసెంబరు 30న క్రీట్ దీవి దగ్గర జర్మన్ జలాంతర్గామి ఆ ఓడని ముంచేసింది. ఆయన బతికాడు, ఆమె మునిగిపోయింది. కంపెనీ కొత్త కార్లలో ఆ బొమ్మ దొంగల భయానికి బానెట్ లోపలికి దిగిపోతుంది. బొమ్మకి అంత భద్రత ఉంది.

మన ఊరి రోల్స్ రాయిస్ సంగతి కూడా చూడండి. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుప్పచ్చ సిల్వర్ ఘోస్ట్ ఉంది, వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా కట్టినది. మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చాడు, 1911లో చనిపోయాడు, అది ఉస్మాన్ అలీఖాన్‌కి దక్కింది. వందేళ్ళు దాటినా అది తిరిగింది నాలుగొందల మైళ్ళ లోపేనట. శిథిలమవుతున్న ఆ ప్యాలెస్‌ని నిలబెట్టే పని భుజానికెత్తుకున్నది ఒక స్త్రీ, ఎస్రా జా, చివరి నిజాం మనవడు ముకర్రం జా మాజీ భార్య. 2010లో ఆ పునరుద్ధరణకి యునెస్కో గౌరవం దక్కింది. ఆమెకి పేరొచ్చింది, సంతోషం. యువరాణి కాబట్టి వచ్చింది. బూజు దులిపినవాళ్ళకి రాలేదు. అయినా ఇప్పటికీ అందరం నిజాం కారు, నిజాం ప్యాలెస్ అనే అంటాం.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. 2021 జులైలో కేంద్ర రవాణాశాఖ ఒక నిబంధన తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి వింటేజ్ హోదా, ప్రత్యేకమైన నంబరు. అంటే యాభై దాటితే కారుకి గౌరవం. మరి అదే శాఖ చూసే మోటారు వాహనాల చట్టం ఆడదానికి ఏం ఇచ్చింది? 1994లో ఆ చట్టానికి ఒక రెండో షెడ్యూల్ చేర్చారు. రోడ్డు ప్రమాదంలో చనిపోయినవాళ్ళ విలువ కట్టే పట్టిక అది. సంపాదన లేని మనిషికి ఏడాదికి 15,000 రూపాయల ఊహాదాయం. సంపాదన లేని భార్య అయితే భర్త ఆదాయంలో మూడో వంతు. రెండు దశాబ్దాల పైన అమల్లో ఉన్న ఆ పట్టిక ఇప్పుడు లేదు. కానీ అది నేర్పిన లెక్క ఎంత సొగసైనదో చూడండి. ప్రొఫెసర్ భార్య వండిన అన్నానికి ఒక ధర, ఆటో డ్రైవర్ భార్య వండిన అన్నానికి ఇంకో ధర. పని ఆమెది, కొలబద్ద మొగుడి జీతం.

2001లో సుప్రీంకోర్టు, 1989 నాటి జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంలో పోయినవాళ్ళ కేసులో, 34 నుంచి 59 ఏళ్ళ మధ్య ఇల్లాలి సేవల విలువ నెలకి 3,000 రూపాయలంది. 62 నుంచి 72 ఏళ్ళ మధ్య ఉన్న పెద్దవాళ్ళకి ఏడాదికి 20,000. అంటే నెలకి పదిహేడు వందలు కూడా కాదు. అప్పటికి అది ముందడుగే, కాదనను. వయసు పెరిగితే పరిహారం తగ్గడం మగవాళ్ళకీ ఉంది, అదీ కాదనను. కానీ అరవై దాటిన ఏ ఆడమనిషి వంటింట్లోంచి రిటైరయిందో చెప్పండి. మనవల్ని పెంచేది ఎవరు? కూతుళ్ళూ కోడళ్ళూ ఉద్యోగాలకి వెళ్తున్నది ఎవరి నడుం మీద?

2010లో ఇంకో రోడ్డు ప్రమాదం కేసులో జస్టిస్ గంగూలీ ఒక చేదు నిజం ఎత్తి చూపారు. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే స్త్రీలని బిచ్చగాళ్ళు, వేశ్యలు, ఖైదీలతో కలిపి పని చేయనివాళ్ళ పద్దులో వేశారని. (బిచ్చగాళ్ళూ వేశ్యలూ పని చేయనివాళ్ళని ఎవరన్నారో, అదింకో ప్రశ్న.) 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ తన తీర్పులో 2019 నాటి సమయ వినియోగ సర్వేని ఉదహరించారు: ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ సర్వే చేశారు. ఆడవాళ్ళకి 289, మగవాళ్ళకి 88. మనకి పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోపే వాళ్ళకీ తొమ్మిది తగ్గాయి.

గమనించారా, ఈ తీర్పులన్నీ ఆమె చచ్చాక వచ్చినవే. ఇల్లాలి చాకిరీకి ఈ దేశంలో రూపాయల్లో లెక్క కట్టాలంటే ముందు ఆమె లారీ కింద పడాలి. పడ్డాక ఆ డబ్బు అందేది, చాలాసార్లు, ఆ చాకిరీ అనుభవించినవాళ్ళకే.

"ప్రేమతో చేసే పనికి లెక్కలేమిటి, ఇల్లు హోటలా?" అనే మేధావులు మన సభల్లో కూడా ఉన్నారు. వాళ్ళని ఆ శంకర్‌పల్లి షెడ్డుకి తీసుకెళ్ళాలి. ఆ మనిషికి కారంటే ప్రేమ కాదా? అరిచేత్తో నిమిరాడు, పేరు పెట్టి పిలిచాడు. ప్రేమ ఉంది, ఫైలూ ఉంది. ఆ లెక్కల వల్ల ఆ ప్రేమ మైలపడలేదు, పైగా ధర పెరిగింది. మగవాడి ప్రేమకి రసీదులుంటే అది 'ప్యాషన్', ఆడదాని ప్రేమకి రసీదు అడిగితే గయ్యాళితనం.

సాహిత్యంలో మనం ఇంటిచాకిరీ గురించి రాయలేదా అంటే చాలా రాశాం. నాలుగైదు దశాబ్దాలుగా గిన్నెల చప్పుడూ, పోపు వాసనా, అలసటా రాశాం. కానీ ఆస్తి ఎవరి పేరు మీద ఉందన్నది కథల్లో ఎక్కడో చివర వస్తుంది, వస్తే. చాకిరీని బాధగా రాసినంత బలంగా బాకీగా రాయలేదు. ఇది నా ఆరోపణే, కోపం వచ్చినవాళ్ళు జవాబు రాయండి.

ఎందుకంటే ఆరొందల ఆదివారాల ఆవిడ రేపు ఆ ఇంట్లోంచి బయటికి రావలసి వస్తే ఆమెకి ఏం దక్కుతుంది? భరణం అడగొచ్చు. అంటే అవసరాన్ని బట్టి దయ. కారులో, ఫాంహౌస్‌లో వాటా అడిగే చట్టం గోవాలో తప్ప మనకెక్కడా లేదు. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో, భర్త విదేశంలో సంపాదిస్తుంటే ఇక్కడ ఇల్లు నడిపిన భార్యకి ఆ సంపాదనతో కొన్న ఆస్తిలో సగం హక్కుందని చెప్పింది. మంచి తీర్పు, కానీ అది ఒక హైకోర్టు మాట. పెళ్ళి విడిపోయినప్పుడు భర్త ఆస్తిలో భార్యకి వాటా ఇవ్వాలన్న వివాహ చట్టాల సవరణ బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభ దాటింది. పురుష సంఘాలు గోల చేశాయి. 2014లో లోక్‌సభతో పాటు ఆ బిల్లూ చచ్చిపోయింది. తర్వాత దాని కోసం వీధిలోకి వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో మనం ఎందరం?

ఆ బిల్లు మళ్ళీ రావాలి. లా కాలేజీల్లో పాఠాలు చెప్పే మిత్రులు ముసాయిదా రాయడానికి పూనుకుంటే, అందులో వాటా ఎంత అన్నది న్యాయమూర్తి దయకి వదలకుండా సగమని రాయాలి. ఆ పాత బిల్లు వదిలేసిన అసలు ముడి అదే. ఏ పని చేశావో బిల్లులు చూపించమని ఆమెని అడిగే క్లాజు ఒక్కటి కూడా ఉండకూడదు. పెళ్ళి తేదీ, విడిపోయిన తేదీ, ఆ మధ్య కాలంలో ఎవరి పేరు మీద ఏం కొన్నారు, ఈ మూడూ రికార్డుల్లో దొరికేవే. తుడిచిన ఆమెకి కనీస వేతనమూ, కాపాడిన ఆమెకి సగం వాటా. పాత కారు కొనడానికి వచ్చేవాళ్ళు అంతకన్నా ఎక్కువ కాగితాలే అడుగుతున్నారు.