చావుల లెక్కకు అందని అణు ప్రమాదం

చెర్నోబిల్‌లో ఎంతమంది చనిపోయారు? అణు విద్యుత్తు మీద చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఈ ప్రశ్న దగ్గరే చిక్కుకుపోతుంది. 31 మంది అని ఒకరు, 4 వేలని ఇంకొకరు, 93 వేలని మరొకరు. నాలుగు దశాబ్దాలుగా తెగని పంచాయితీ ఇది. నిజానికి ఈ మూడు అంకెలూ లెక్కించేది ఒకే విషయాన్ని కాదు. 31 మంది పేలుడులోనూ, తర్వాతి నెలల్లో తీవ్ర రేడియేషన్ జబ్బుతోనూ పోయిన ప్లాంటు ఉద్యోగులు, అగ్నిమాపక సిబ్బంది. 4 వేలన్నది ఎక్కువ రేడియేషన్‌కు గురైన ఆరు లక్షల మందిలో చివరికి ఎంతమంది పోవచ్చో 2005లో చెర్నోబిల్ ఫోరం వేసిన అంచనా. 93 వేలు, అంతకంటే చాలా విశాలమైన జనాభాను లెక్కలోకి తీసుకుని 2006లో గ్రీన్‌పీస్ చెప్పిన క్యాన్సర్ మరణాలు.

ఈ మూడింటిలో మధ్య అంకె దగ్గర కాస్త ఆగాలి. ఆ ఆరు లక్షల మందిలో సుమారు నాలుగో వంతు, అంటే లక్షన్నర మంది, చెర్నోబిల్ పేలినా పేలకపోయినా ఏదో ఒక క్యాన్సర్‌తోనే పోతారు. వారి పక్కన అదనంగా చేరే ఆ 4 వేల మంది ఎవరో ఏ డాక్టరూ వేలు పెట్టి చూపించలేడు. కణితి మీద అది ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసి ఉండదు. దీర్ఘకాలిక అణు నష్టంలో అసలు చిక్కు ఇదే. నష్టం మొత్తం జనాభాలో ఉంటుంది, ఏ ఒక్కరి విషయంలోనూ రుజువు కాదు. రుజువు లేదు కాబట్టి నష్టమే లేదని పరిశ్రమ అంటుంది. దాచిపెట్టారని వ్యతిరేకులు అంటారు. జబ్బుపడిన మనిషి ఇద్దరికీ అక్కరకు రాడు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్ మామూలుగా చాలా అరుదు. అందుకే చెర్నోబిల్ తర్వాత బెలారస్, ఉక్రెయిన్‌లలో అది పెరగడం కళ్లకు కట్టినట్టు కనిపించింది. ప్రమాదం నాటికి 18 ఏళ్ల లోపు ఉన్నవారిలో 1991 నుంచి 2015 వరకు దాదాపు 20 వేల కేసులు నమోదయ్యాయి. వాటిలో నాలుగో వంతుకు రేడియేషనే కారణమని ఐరాస శాస్త్రీయ కమిటీ తేల్చింది. చికిత్సకు లొంగే క్యాన్సర్ కావడంతో అత్యధికులు బతికారు. అయినా ఆ బాధ పడాల్సిన అవసరమే లేదు.

ఎందుకంటే అది పాల వల్ల వచ్చింది. గాలిలో కొట్టుకొచ్చిన అయోడిన్-131 పచ్చిక మీద పడింది. ఆవులు మేశాయి. ఒకటి రెండు రోజుల్లోనే అది పాలలోకి దిగింది. మెడ దగ్గరుండే థైరాయిడ్ గ్రంథికి మామూలు అయోడిన్‌కూ దీనికీ తేడా తెలియదు, దొరికిందల్లా పీల్చుకుంటుంది. పిల్లల గ్రంథి చిన్నది, తాగే పాలు ఎక్కువ. ఈ పదార్థం ఎనిమిది రోజులకు సగమైపోతుంది, రెండు మూడు నెలల్లో దాదాపు మాయమవుతుంది. ఆ కొద్ది వారాలు పచ్చిక మేసిన పశువుల పాలు పిల్లలకు పోయకుండా ఉంటే చాలు. కానీ 1986 ఏప్రిల్ 26న పేలుడు జరిగితే, స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ ప్లాంటు పరికరాలు పసిగట్టిన తర్వాత, 28 రాత్రి గానీ సోవియట్ ప్రభుత్వం నోరు విప్పలేదు. పక్కనున్న పోలండ్ మాత్రం కొద్ది రోజుల్లోనే కోటి మందికి పైగా పిల్లలకు అయోడిన్ మందు తాగించింది. మబ్బు ఒక్కటే, ఏలికల తీరు వేరు. పసిపిల్లల మెడలకు కత్తిగాటు తెచ్చిపెట్టింది రేడియేషన్ ఎంతో, ఆ మౌనమూ అంతే.

జపాన్‌లోని ఫుకుషిమాలో కథ తలకిందులైంది. 2011 మార్చి 11 సునామీ నీరు డీజిల్ జనరేటర్లను ముంచేసింది, మూడు రియాక్టర్ల ఇంధనం కరిగింది. రేడియేషన్ వల్ల ప్రజల్లో క్యాన్సర్లు పెరిగినట్టు ఇప్పటివరకూ తేలలేదు. కానీ లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలారు. ప్లాంటుకు దగ్గర్లోని ఒక ఆసుపత్రి నుంచి మంచానపడ్డ వృద్ధులను బస్సులెక్కించి గంటల తరబడి తిప్పితే, ఆ తరలింపులో నలభై మందికి పైగా పోయారు. ఆ తర్వాతి ఏళ్లలో వలస బతుకు, దిగులు, ఆగిపోయిన వైద్యం కలిసి ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లో తీసిన ప్రాణాలు 2,300 పైమాటే. తరలించకపోతే ఒక ప్రమాదం, ఆలోచన లేకుండా తరలిస్తే ఇంకో ప్రమాదం.

ఇక కాలం సంగతి. సీజియం-137 సగం కావడానికి ముప్ఫై ఏళ్లు. చెర్నోబిల్‌లో కురిసిన దానిలో దాదాపు అయిదింట రెండు వంతులు నేటికీ మిగిలే ఉంది. ఫుకుషిమా రియాక్టర్ల అడుగున కరిగి గడ్డకట్టిన ఇంధన శిథిలాలు సుమారు 880 టన్నులు. అందులోంచి మొదటిసారి బయటికి తీసింది 2024 నవంబరులో, అదీ గ్రాముకన్నా తక్కువ. చెర్నోబిల్ మీద వందేళ్ల కోసమని 2016లో కప్పిన ఉక్కు గోపురానికి 2025 ఫిబ్రవరిలో డ్రోన్ చిల్లు పొడిచింది. ఆ ప్లాంటు కట్టిన సోవియట్ యూనియన్ ప్రమాదం జరిగిన అయిదేళ్లకే లేకుండా పోయింది. దాని తప్పుకు ఖర్చు ఉక్రెయిన్, బెలారస్ ప్రజలు మోస్తున్నారు. వందేళ్ల పూచీ ఇస్తామనే ఏ ప్రభుత్వాన్నైనా, ఏ కంపెనీనైనా ఈ ఒక్క సంగతి ముందు నిలబెట్టి అడగాలి.

బొగ్గు పొగ ఏటా తీసే ప్రాణాలతో పోలిస్తే అణు విద్యుత్తు తన చరిత్ర మొత్తంలో తీసినవి తక్కువేనన్న వాదనను నేను కాదనను. నా అభ్యంతరం రియాక్టరు మీద కాదు, దాని చుట్టూ మనం కట్టని ఏర్పాటు మీద.

మన దేశంలో 2010 నాటి అణు నష్ట పౌర బాధ్యత చట్టం ఆరోగ్య నష్టానికి దావా వేసుకోవడానికి ఇరవై ఏళ్ల గడువు పెట్టింది. ఆ లెక్కన చెర్నోబిల్ బాధితులకు 2006లోనే తలుపు మూసుకుపోయేది. ఆ తర్వాత కూడా థైరాయిడ్ కేసులు వస్తూనే ఉన్నాయి. భోపాల్ గాయం గుర్తున్నందువల్లే ఆ చట్టంలో, లోపం ఉన్న పరికరాలు అమ్మిన సరఫరాదారు నుంచి డబ్బు రాబట్టే 17(బి) నిబంధన చేరింది. దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త అణుశక్తి చట్టం ‘శాంతి’ ప్రైవేటు సంస్థలకు దారి తెరిచి, ఆ నిబంధనను వదిలేసింది. ఫుకుషిమా ఖర్చు అంచనా మన డబ్బులో పది లక్షల కోట్ల రూపాయలు దాటింది. మన చట్టం ప్లాంటు నిర్వాహకుడి మీద పెట్టే పరిమితి ఎంత పెద్ద రియాక్టరుకైనా వేల కోట్లలోనే ఉంది. మిగతాది ఎవరి నెత్తిన పడుతుందో చెప్పనక్కర్లేదు.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఆరు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు తలపెట్టారు. ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. అదే జిల్లాలో ఉద్దానం ఉంది. అక్కడ దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బుతో కుటుంబాలు కూలిపోతుంటే, ఎందరో పరిశోధకులు వచ్చి వెళ్లినా కారణం ఇదీ అని తేల్చలేకపోయారు. అంతకుముందు ఆ ఊళ్లలో జబ్బులు ఎంతుండేవో లెక్క రాసిపెట్టినవారు లేకపోవడం ఆ వైఫల్యంలో ఒక భాగం. రేపు కొవ్వాడ చుట్టుపక్కల ఎవరికైనా క్యాన్సర్ వస్తే అది ప్లాంటుదా, పొగాకుదా, పురుగుమందుదా అని అడిగినప్పుడు మన దగ్గర ఏ కాగితం ఉంటుంది? పైగా ఈ తీరంలో భీమునిపట్నం నుంచి భావనపాడు దాకా ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ ఉంది. సహజ రేడియేషన్ ఎంతో ముందే కొలిచి పెట్టుకోకపోతే, రేపు దేన్నైనా ఇసుక మీదికి నెట్టేయొచ్చు.

ఇది అసాధ్యమేం కాదు. కేరళ కరునాగపల్లిలో ఇలాంటి ఇసుకే ఉంటే, 1990లో క్యాన్సర్ రిజిస్ట్రీ మొదలుపెట్టి ఇల్లిల్లూ తిరిగి లెక్క రాశారు. అక్కడి సహజ రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరగలేదని తేలింది. భయపడే వారికీ, భయం లేదనే వారికీ పనికొచ్చే నిజం అలా బయటపడింది.

కొవ్వాడలో పునాది తవ్వకముందే ఆ పని మొదలవ్వాలి. చుట్టూ ముప్ఫై కిలోమీటర్ల గ్రామాలన్నిటా క్యాన్సర్, థైరాయిడ్, మూత్రపిండాల జబ్బుల రిజిస్టరు తెరవాలి. నేల, నీరు, పాలు, చేపల్లో రేడియేషన్ కొలవాలి. దావా గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి కాకుండా జబ్బు బయటపడిన రోజు నుంచి లెక్కించాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో స్టైరీన్ వాయువు లీకైనప్పుడు సైరన్ మోగలేదు; ఆపద వేళ పైనుంచి సాయం అందుతుందని నమ్ముకోలేం. అందుకని అయోడిన్ మాత్రలు జిల్లా కేంద్రంలోని గోదాములో కాక ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రంలో ఉండాలి, పాలు పోయొద్దన్న కబురు పాడి రైతుకు ఎవరు ఎలా చేరవేస్తారో ముందే రాసి ఉండాలి. ఆ రిజిస్టరును ప్లాంటు నిర్వాహకుడికి అప్పగించకూడదు. ఒక ప్రభుత్వ వైద్య కళాశాల దాన్ని నిర్వహించాలి, ఏటా దాని లెక్కలను తెలుగులో అచ్చు వేసి గ్రామసభలో చదివి వినిపించాలి.