జెండా మోసిన చెయ్యి లెక్క అడగాలె

ఎలక్షన్లు వచ్చినయంటే బొగ్గుబాయి ఊర్లల్ల మన వాడ పిలగాండ్లకు ఎక్కడలేని గిరాకి. బండికి పెట్రోలు, మెడకు కండువా, రాత్రికి బిర్యానీ ప్యాకెట్టు. నాలుగు దినాలు గొంతు చించుకొని జిందాబాద్ కొడతరు. ఓట్లు లెక్కపెట్టిన తెల్లారి అదే పిలగాడు బోరింగు సంగతి అడగబోతే "నీకేం తెలుసురా, పో" అంటరు.

యువకులు రాజకీయాల్లోకి రావాలా వద్దా అని పెద్దలు ఉపన్యాసాలు ఇస్తుంటరు. మన పోరలు ఎప్పుడో వచ్చిన్రు. ఏ పనికి వచ్చిన్రన్నదే ప్రశ్న. జెండా మోసే పనికా, లెక్క అడిగే పనికా?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ ఓటు మనకు ఎట్ల వచ్చిందో ఒక్కసారి యాది చేసుకోవాలె. భూమి ఉన్నోనికి, పన్ను కట్టెటోనికే ఓటు ఉన్న రోజుల్లో, 1928లో సైమన్ కమిషన్ ముందు డాక్టర్ అంబేద్కర్ వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు కావాలని అడిగిండు. మన ఆదిలాబాదు ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంల ఉన్నది. ఇక్కడి వెట్టి మాదిగకు, మాలకు, కూలి తల్లికి ఓటు చేతికొచ్చింది 1952లో. 21 ఏండ్ల వయసును 18కి దించింది 1989లో. ఇంత దూరం నడిచి వచ్చిన ఓటును ఒక సీసాకు ఇచ్చేస్తే మన తాతల చెమటకు విలువ కట్టినట్టే.

బాయి మీద సంగతి చూడుండ్రి. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘానికి రహస్య ఓటింగు జరుగుతున్నది. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో దాదాపు 40 వేల మంది పర్మినెంటు కార్మికులకు ఓటున్నది. తట్టా చెమ్మాసు పట్టిన మన తండ్రులు ఆ వరుసల నిలబడ్డరు. కానీ ఇప్పుడు ఆ తండ్రుల కొడుకులు, బిడ్డలు ఎంతోమంది కాంట్రాక్టు పనిల ఉన్నరు. అదే గేటు, అదే దుమ్ము, కానీ ఆ పెట్టెల వాళ్ల ఓటు పడదు. అయినా వాళ్లు ఊకోలేదు. 2022 సెప్టెంబరుల సమ్మె చేసి తమ మాట వినిపించిన్రు.

బాయి గేటు దగ్గర లేని ఓటు ఊరి గేటు దగ్గర ఉన్నది. పంచాయతీల కాంట్రాక్టోడూ పర్మినెంటోడూ ఒక్కటే. అయితే ఆ పంచాయతీకి ఏమైందో చూసినం. 2024 ఫిబ్రవరి మొదట్ల సర్పంచుల గడువు తీరింది. 2025 డిసెంబరుల గానీ ఎన్నికలు జరగలే. దాదాపు రెండేండ్లు ప్రత్యేకాధికారుల పాలన. పాలకవర్గం లేదని కేంద్రం నుంచి రావలసిన ఆర్థిక సంఘం నిధులు ఆగినయి. ఆ రెండేండ్లు మన యువజన సంఘాలు ఎన్ని ఊర్లల్ల "మా ఎన్నిక ఏదీ?" అని అడిగినయి? వినాయకుని చందాకు తిరిగినన్ని ఇండ్లు దీనికి తిరిగినమా?

ఇక అసలు లెక్క. గోలేటి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం. ఇక్కడి నేల కింది బొగ్గు పోయి ఎక్కడెక్కడో కరెంటు అయితది. దుమ్ము, బ్లాస్టింగు మోత మాత్రం ఇక్కడి ఇండ్లకు. అందుకే 2015ల గనుల చట్టాన్ని సవరించి, ప్రతి గని జిల్లాకు ఒక ఖనిజ నిధి పెట్టిన్రు. 2015 జనవరి 12కు ముందు లీజు పొందిన గనులు కట్టే రాయల్టీ మీద 30 శాతం లెక్కన ఈ నిధికి జమ కావాలె. తాగునీళ్లు, వైద్యం, చదువు ముందు చూడాలని నియమం. ఈ డబ్బుల మన వాడకు ఎంత వచ్చింది? ఏ మోరీ కట్టిన్రు, ఎవని వాకిట్ల కట్టిన్రు? జిందాబాద్ కొట్టిన గొంతు ఈ మాట అడగాలె.

అడిగే తావు గ్రామసభ. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి సభ పెట్టాలె. పది మంది సంతకాలు పెట్టి సభ అయిపాయె అనిపిస్తే, ఆ తప్పుల రానోళ్లకూ వాటా ఉన్నది. సమాచార హక్కు చట్టం కింద ఊరి స్థాయిల దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంల 5 రూపాయలే. 30 రోజుల్ల జవాబు ఇయ్యాలె. 21 నిండితే వార్డు మెంబరుకు, సర్పంచికి మీరే నిలబడొచ్చు. 18 నిండబోయే పిల్లలు జనవరి దాకా ఆగనక్కరలేదు. ఇప్పుడు ఏడాదికి నాలుగు తారీఖులు ఉన్నయి: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటి.

"అన్నా, అడిగితే కాంట్రాక్టరు రేపు పనిలకు రానియ్యడు" అని ఒక తమ్ముడు అన్నడు. అబద్ధం కాదు, పొట్ట మీద కొట్టుడు వాళ్లకు తెలిసిన విద్యే. అందుకే ఒక్కడు పోవద్దు. పది మంది పోవాలె. నోటితో కాదు, కాగితం మీద అడగాలె, ముట్టినట్టు రసీదు తీసుకోవాలె. పనిల ఉన్నోడు వెనుక నిలబడితే, చదువుకుంటున్న చెల్లె ముందు నిలబడాలె. సభల మన ఆడపిల్లలు గోడ పక్కకు కాదు, మధ్యల కూచోవాలె.

ఇంకొక మాట కూడా మనలో మనం చెప్పుకోవాలె. మన మనిషి సర్పంచి అయితే వెనుక ఇంకొకడు నిలబడి సంతకాలు చేయిస్తడు. మనం వెనుక లేకపోవుడు వల్లనే ఆ జాగ వానికి దొరుకుతది. గెలిపిచ్చి ఇంటికి పోవుడు కాదు, గెలిచినోని పక్కన నిలబడుడు, తప్పు చేస్తే అతన్నీ అడుగుడు మన పని. రాజకీయాల్ల వ్యక్తి భక్తి నియంతృత్వానికి తోవ అని 1949 నవంబరుల రాజ్యాంగ సభల బాబాసాహెబ్ హెచ్చరించింది ఇందుకే.

వచ్చే గ్రామసభ ఎప్పుడో రేపే పోయి అడుగుండ్రి. ఒక నోటుబుక్కు పట్టుకపోండ్రి. మొదటి పేజీల ఒక్క ప్రశ్న రాయుండ్రి: మా ఊరి బొగ్గు పైసల మా వాడ వాటా ఎంత?

జై భీం.