పేవర్ బ్లాకులు పరిచే ముందే కింద ఏముందో చూడండి

ఇళ్ల యజమానులకు, అపార్ట్‌మెంట్ సంఘాలకు, కాలనీ పెద్దలకు విజ్ఞప్తి

దసరాకి పరిచిన పేవర్ బ్లాకులు మరుసటి వానాకాలం దాటకుండానే కుంగుతున్నాయి. గేటు దగ్గర కారు చక్రాలు తిరిగే చోట రెండు గాళ్లు పడతాయి. వాన వెలిసిన మర్నాడు కూడా వాటిలో నీళ్లు నిలుస్తాయి. స్కూటర్ ఎక్కితే బ్లాకు ఊగి, సందులోంచి బురద చిమ్ముతుంది. యజమాని బ్లాకులు అమ్మినవాణ్ణి నిలదీస్తాడు, అతను మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ వానను తిడతాడు. చాలాచోట్ల దోషం బ్లాకు కింది పొరలదే.

పేవర్ నేలలో ప్రతి బ్లాకూ విడిదే. మధ్యన 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందుల్లో నిండిన సన్న ఇసుకే ఒక బ్లాకు మీద పడ్డ బరువును పక్కవాటికి పంచుతుంది. అంచుల్లో కాంక్రీటు కెర్బు లేకపోతే చక్రం తోసినప్పుడల్లా బ్లాకులు పక్కకు జరుగుతాయి. సందులు వెడల్పై ఇసుక కొట్టుకుపోతుంది. ఇక ఏ బ్లాకు బరువు ఆ బ్లాకే మోయాలి.

ఇక బ్లాకుల కింది మట్టికి వస్తే, డ్రైనేజీ పైపు సంగతే చూడండి. కాలువ తవ్వుతారు, పైపు వేస్తారు, తీసిన మట్టినంతా ఒక్కసారే లోపలికి నెట్టి నాలుగు బకెట్ల నీళ్లు పోస్తారు. పైన గట్టిగా కనిపిస్తుంది, అడుగున గుల్లగానే ఉంటుంది. ఆర్నెల్లకు సరిగ్గా ఆ పైపు గీత వెంటే బ్లాకులు దిగిపోతాయి. ఆ మట్టిని అర అడుగు చొప్పున పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొడితే ఈ తిప్పలుండవు. గుంటూరు, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడిలోనైతే ఇంకా జాగ్రత్త కావాలి. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పైమట్టి తీసేసి మొరం నింపి రోలర్ తిప్పాల్సిందే.

ఇసుక దగ్గరా ఇదే తంతు. కంకర పొర ఎగుడుదిగుడుగా ఉంటే ఆ పల్లాలను ఇసుకతో పూడ్చేస్తారు. బ్లాకు కింద ఇసుక 20 నుంచి 40 మిల్లీమీటర్ల మందాన అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట అంగుళం, పక్కనే మూడంగుళాలు ఉంటే మందంగా ఉన్నచోట కుంగక తప్పదు. ఇసుకకు బదులు పొడి ఎక్కువున్న క్రషర్ డస్ట్ వేస్తే తడిసినప్పుడు బురదవుతుంది.

ఇవన్నీ తెలియని మేస్త్రీలు తక్కువే. అయినా చదరపు అడుగుకు ఇంత అని ఎవరు తక్కువ చెబితే పని వారికే దక్కుతోంది. కంటికి కనిపించే బ్లాకులో కోత పెట్టలేరు కాబట్టి కనిపించని కంకరలో పెడతారు. కుంగాక బ్లాకులు ఎత్తి, అడుగు సరిచేసి, మళ్లీ పరిస్తే అదే కూలి రెండోసారి కట్టాలి. అందుకే పని అప్పగించే ముందే ఈ నాలుగు షరతులు కాగితం మీద రాయించండి:

1. బ్లాకులు ఐఎస్ 15658 ప్రకారం, పరిచే పద్ధతి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్పీ 63 ప్రకారం ఉండాలి. బ్లాకుల పరీక్ష నివేదిక చూపాలి. కార్లు మాత్రమే తిరిగేచోట 60, నీళ్ల ట్యాంకర్ వచ్చేచోట 80 మిల్లీమీటర్ల మందం ఉండాలి.

2. మట్టి, కంకర, ఇసుక ఏ పొర ఎంత మందమో కొటేషన్‌లోనే రాయాలి. ఒక పొరను సంఘం చూసి, కొలిచి, ఫొటో తీశాకే తర్వాతి పొర వేయాలి.

3. కెర్బులు ముందే కట్టాలి. నీరు పోవడానికి పది అడుగులకు సుమారు రెండున్నర అంగుళాల వాలు ఇవ్వాలి. బ్లాకులు పరిచాక ప్లేట్ వైబ్రేటర్ తిప్పి, సందుల్లో ఇసుక ఊడ్చి, మళ్లీ తిప్పాలి.

4. బిల్లులో పది శాతం ఒక వానాకాలం గడిచాకే చెల్లించాలి.

ఇప్పటికే కుంగిన చోట సందుల్లో సిమెంటు పోయించకండి. అడుగు కదులుతున్నంత కాలం అది పగులుతూనే ఉంటుంది. పగలని బ్లాకులను ఎత్తి, అడుగు గట్టిచేసి, అవే తిరిగి పరచవచ్చు. కొత్తవి కొనక్కర్లేదు.

వచ్చే సంఘం సమావేశంలో కొటేషన్లు తెరవకముందే ఈ నాలుగు షరతులకూ తీర్మానం చేయించండి. వాటికి ఒప్పుకోని కాంట్రాక్టరు ఎంత తక్కువ రేటు చెప్పినా పని ఇవ్వకండి.